కోచ్ బయటికి రమ్మన్నాడు, కీపర్ రానన్నాడు: 2019 వెంబ్లీ గొడవలో తప్పెవరిది?

నీలిచొక్కా_వైజాగ్
కెపా వీడియో మళ్లీ తిరుగుతోంది. చూడనివాళ్ల కోసం చెబుతున్నా. 2019 ఫిబ్రవరి 24, లీగ్ కప్ ఫైనల్, వెంబ్లీలో చెల్సీ, మాంచెస్టర్ సిటీ. స్కోరు 0-0. ఎక్స్‌ట్రా టైమ్ అయిపోవచ్చింది. మా చెల్సీ కీపర్ కెపా కాలు పట్టేసి కూలబడ్డాడు, ఫిజియో లోపలికెళ్లాడు. ఇటు లైను దగ్గర మా రెండో కీపర్ విల్లీ కబాయెరో గ్లోవ్స్ వేసుకుని సిద్ధం. మార్పు బోర్డు లేచింది, బయటికి రావాల్సిన కెపా నంబరు ఎర్రగా 1, లోపలికెళ్లాల్సిన కబాయెరోది పచ్చగా 13. ఇతగాడు లేచి నిలబడి చెయ్యి ఊపుతాడు, నేను రాను అని. మేనేజర్ సర్రీ గొంతు చించుకుని అరుస్తాడు, జాకెట్ జిప్పు పీక్కుంటాడు, టన్నెల్ వైపు వెళ్లిపోబోయి మళ్లీ వెనక్కొస్తాడు. కెపా గోల్ దగ్గర నుంచి కదల్లేదు. షూటౌట్‌లో పెనాల్టీల మీద 4-3తో ఓడాం.

ఇప్పుడు ఆ వీడియో కింద కుర్రాళ్లు రాస్తున్నదేంటంటే, "కాన్ఫిడెన్స్ అంటే ఇదీ", "మగాడంటే ఇలా ఉండాలి". ఇన్నేళ్లయినా నాకు ఒళ్లు మండుతూనే ఉంది. ఒక్కటి అడుగుతాను. బోర్డు లేచాక కూడా రానన్నవాడిని రిఫరీ ఎందుకు గెంటలేదు? మేనేజర్ మాట చెల్లనప్పుడు ఆయన్ని అక్కడ నిలబెట్టడం దేనికి?

బెంచీమీద_బాబ్జీ
రెండో బంతి వాళ్లు వెనకాల నిలబడి ఉన్నా, ఇంకా పెరుగు రాలేదండీ అని ఆకు ముందు నుంచి లేవనివాడు ప్రతి పెళ్లిలో ఒకడుంటాడు. వాణ్ణి ఎవరైనా రెక్క పట్టి లేపుతారేటండీ? ఇదీ అంతే.

పసుపుకార్డు
బాబ్జీ గారు నవ్వులాటకి అన్నా నిజంగా రూల్ అదే. జిల్లా మ్యాచ్‌లకి విజిల్ వేస్తుంటాను కాబట్టి చెబుతున్నా. ఆట నియమాల్లో మూడోది ఆటగాళ్ల గురించి. అందులో ఒక వాక్యం ఉంది, మార్చాల్సిన ఆటగాడు బయటికి రానంటే ఆట కొనసాగుతుంది. అంతే. గెంటమనీ లేదు, రెడ్ కార్డు ఇమ్మనీ లేదు.

ఇంకోటి. బోర్డు లేవగానే మార్పు అయిపోయినట్టు కాదు. లోపలివాడు బయటికొచ్చి, బయటివాడు లోపల అడుగుపెడితేనే అయినట్టు. అప్పటిదాకా కెపాయే కీపర్. ఆలస్యం చేస్తున్నాడని పసుపు కార్డు చూపించొచ్చు, అది వేరే. ఆ రోజు రిఫరీ జొనాథన్ మాస్ సర్రీ దగ్గరకి నడిచొచ్చి మార్పు ఉందా లేదా అని కనుక్కున్నాడు. అంతకుమించి ఆయన చేయగలిగింది లేదు.

నీలిచొక్కా_వైజాగ్
@పసుపుకార్డు అంటే రూలే ఆటగాడి పక్షాన ఉందన్నమాట. బాగుంది.

పసుపుకార్డు
రూల్ ఎవరి పక్షానా లేదు. జట్టు లోపలి గొడవలోకి రిఫరీని లాగదు, అంతే.

ఓరుగల్లు_వింగర్
అందరు కెపానే తిడ్తరు గని షూటౌట్ల ఎవడేం చేసిండో ఒక్కసారి చూడుర్రి. మొదటి పెనాల్టీ జోర్జిన్యోది, ఎడర్సన్ ఆపిండు. డేవిడ్ లూయిజ్‌ది పోస్టుకు తాకింది. కెపా ఏం చేసిండు? సానే షాట్ ఆపిండు. అగ్వేరో షాట్‌కు చెయ్యి తగిలింది, కిందికెళ్లి జారిపోయింది. కబాయెరో వస్తే ఇంతకంటె ఎక్కువ ఆపుతుండెనని రాసిచ్చెటోడు ఎవడన్న ఉన్నడా? గెలిచుంటే గిదే వీడియో కింద మీరే దండాలు పెడ్తుంటిరి.

చీరాల_సిటీ
సిటీ అభిమానిగా నేను రాసిస్తా తమ్ముడూ. ఆ రోజు లైను దగ్గర కబాయెరోని చూడగానే నాకు గుండె జారింది. ఆయన మావాడే. 2016 లీగ్ కప్ ఫైనల్ ఇదే వెంబ్లీలో లివర్‌పూల్‌తో షూటౌట్‌కి వెళ్లింది. లూకాస్, కుటీన్యో, లల్లానా, ముగ్గురివీ వరసగా ఆపి మాకు కప్పు తెచ్చిపెట్టాడు. 2017 దాకా అగ్వేరో, స్టెర్లింగ్‌లతో రోజూ ప్రాక్టీసు చేసినవాడు. ఎవడు ఎటు కొడతాడో కళ్లు మూసుకుని చెబుతాడు. కెపా రానని చెయ్యి ఊపినప్పుడు మా ఇంట్లో మేం చప్పట్లు కొట్టాం.

ఓరుగల్లు_వింగర్
మీ చప్పట్లు మీరే పెట్టుకోండ్రన్నా. రోజూ ప్రాక్టీస్ చేసినోడి అలవాట్లు కొట్టెటోడికి గూడ ఎరుకైతయి కద.

చేతితొడుగులు
నేను కాలేజీ రోజుల నుంచి గోల్‌కీపర్‌ని. బయట నుంచి చూసేవాళ్లకి తెలియని సంగతి ఒకటి చెబుతా. కీపర్‌కి పిక్క పట్టేయడం, ఫార్వర్డ్‌కి పట్టేయడం ఒకటి కాదు. ఫార్వర్డ్ ఇంకో స్ప్రింట్ తీయాలి. మాకు పాదం పైకి వంచి నొక్కి పట్టుకుంటే నిమిషంలో వదిలేస్తుంది, మళ్లీ నిలబడగలం. పైగా ఆఖరి నిమిషాల్లో కీపర్ కింద కూర్చుంటే నూటికి తొంభైసార్లు అది జట్టుకి ఊపిరి పీల్చుకునే టైమ్ ఇవ్వడానికే. ఫిజియో వస్తాడు, నీళ్లొస్తాయి, బెంచీ నుంచి కబురొస్తుంది. ఇదంతా కీపర్‌కి తెలుసు, కోచ్‌కీ తెలిసుండాలి.

కాబట్టి మొదట చెయ్యి ఊపినప్పుడు "నాకు బాగానే ఉంది, కంగారు పడకండి" అని చెప్పాడంటే నేను నమ్ముతా. సర్రీ కూడా తర్వాత అదే అన్నాడు, కాలు పట్టేసిందనుకుని మార్చబోయానని, డాక్టరు బెంచీ దగ్గరకి వచ్చి చెప్పాకే అసలు సంగతి అర్థమైందని.

కానీ అక్కడితో ఆగలేదుగా. బోర్డు లేచింది. కబాయెరో లైను మీద నిలబడ్డాడు. డేవిడ్ లూయిజ్ వచ్చి మాట్లాడాడు. రిఫరీ బెంచీ దాకా వెళ్లొచ్చాడు. అప్పటికీ "నాకు బాగానే ఉంది" అన్న మాటకి అర్థం లేదు. ఎందుకంటే ఆ సమయానికి ప్రశ్న కాలి గురించి కాదు, నీ బదులు అతను రావాలా అన్నది. ఆ ప్రశ్నకి జవాబు చెప్పే హక్కు కీపర్‌కి లేదు.

నాకూ జరిగింది. యూనివర్సిటీ టోర్నీ సెమీస్‌లో షూటౌట్‌కి ముందు నన్ను తీసేశారు. నా జూనియర్‌ని దించారు. గ్లోవ్స్ నేనే విప్పి ఇచ్చా, ఆ అమ్మాయివి తడిసిపోయి ఉన్నాయని. ఒక్కటీ ఆపలేదు పాపం. కోచ్ మీద కోపం ఇప్పటికీ ఉంది. అయినా రానని చెప్పాలని మాత్రం ఆ నిమిషంలో తట్టనే లేదు.

కడప_కిక్కర్
అక్కా, నీకు తట్టలేదంటే నిన్ను ఎనభై మిలియన్ యూరోలు పోసి కొనలేదు కాబట్టి.

చేతితొడుగులు
బస్సు చార్జీలు కూడా మేమే పెట్టుకున్నాం నాయనా.

కడప_కిక్కర్
నవ్వులాటకి అన్లేదు. అసలు కథంతా ఆడే ఉండాది. 2018 ఆగస్టులో అత్లెటిక్ బిల్బావోకి 7 కోట్ల 16 లక్షల పౌండ్లు కట్టి తెచ్చినారు కెపాని. కీపర్లలో ప్రపంచ రికార్డు. ఏడేళ్ల కాంట్రాక్టు. ఫైనల్ నాటికి వయసు 24. ఇంగ సర్రీ సంగతి చూడండప్పా. ఫైనల్‌కి రెండు వారాల ముందు, ఫిబ్రవరి 10న, ఇదే సిటీ చేతిలో 6-0. స్టాండ్స్‌లో సొంత అభిమానులే తిడతా ఉండారు. రేపో మాపో ఊడిపోయే కుర్చీ. పైగా ఫైనల్‌కి రెండు రోజుల ముందు ఫిఫా వాళ్లు చెల్సీ మీద రెండు విండోల పాటు ట్రాన్స్‌ఫర్ నిషేధం వేసినారు. అంటే కొత్త కీపర్‌ని కొనడానికి ల్యా. ఉన్నోణ్ణి అమ్ముకుంటే ఇంగ గోల్‌లో ఎవురు నిలబడాల? ఇవన్నీ గోల్‌లో ఉన్న పిల్లోడికి తెలీదనుకుంటిరా?

నీలిచొక్కా_వైజాగ్
ఆ నిమిషంలో ఎవడూ ఇంత లెక్కేసుకోడు గురూ. పంతం, అంతే.

కడప_కిక్కర్
నోటితో లెక్కేసుకోడు. ఒంట్లో ఉంటాది ఆ లెక్క. ఎవరి మాట కాదనొచ్చో, ఎవరిది కాదనగూడదో మనిషికి చెప్పాల్నా? అదే అప్పటి సిటీ కోచ్ గువార్డియోలా బెంచీ మీద ఉంటే ఆ చెయ్యి లేస్తుందా?

చీరాల_సిటీ
పెప్ గువార్డియోలా దగ్గరా జరుగుతాయి, నాలుగు గోడల మధ్య. మైదానంలో మాత్రం ఇలా చూడలేదు.

బెంచీమీద_బాబ్జీ
సర్రీ గారు కోచ్ అవ్వకముందు ఇటలీలో బ్యాంకు ఉద్యోగం చేశారండీ. పెద్ద స్థాయిలో ఫుట్‌బాల్ ఆడింది లేదు. అందుకే కుర్రాడు లోను మంజూరు కాదనేశాడు.

ఓరుగల్లు_వింగర్
గది తప్పు మాట. సాకీ గూడ బూట్ల దుకాణం నుంచి వచ్చినోడే, మిలాన్‌ను యూరప్ చాంపియన్ జేసిండు. ఆడినోడే కోచ్ గావాల్నా?

బెంచీమీద_బాబ్జీ
నేను నవ్వించడానికే వచ్చాను, నన్నొదిలేయండి.

లండన్_లచ్చుమమ్మ
ఆ రోజు నేను స్టేడియంలోనే ఉన్నా, సిటీ గోల్ వెనక పై వరసల్లో. పక్కన కూర్చున్న పెద్దాయన చెల్సీ మనిషి, చిన్నప్పటి నుంచీ టికెట్టు కొంటున్నాడట. మొదట మాకు ఏం జరుగుతోందో తెలీలేదు. టీవీలో చూసినవాళ్లకి దగ్గరగా కనిపించింది కానీ, మాకు కనిపించింది దూరంగా ఒక బోర్డు, ఒక చెయ్యి. కబాయెరో బిబ్బు విప్పేశాడు. మళ్లీ వేసుకోవాలా వద్దా అన్నట్టు అటూ ఇటూ చూస్తున్నాడు. నాకు కెపా కంటే సర్రీ కంటే ఆయన్ని చూస్తేనే జాలేసింది. ముప్పై ఏడేళ్ల మనిషి, ఫైనల్లో పిలుపొచ్చింది, కాలు లోపల పెట్టనివ్వలేదు. పక్కనున్న పెద్దాయన మాత్రం కెపాని ఒక్క మాటా అన్లేదు. "మా కెప్టెన్ ఎక్కడ?" అని రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.

చేతితొడుగులు
అదీ అసలు ప్రశ్న. ఆ రోజు కెప్టెన్ బ్యాండ్ ఆజ్పిలిక్వెటాకి ఉంది. నేరుగా గోల్ దగ్గరకి వెళ్లి, చెయ్యి పట్టుకుని లైను దాకా నడిపించి ఉంటే పది సెకన్లలో అయిపోయేది. కోచ్‌కి గీత దాటి లోపలికొచ్చే వీల్లేదు. ఆ గీత లోపల ఆయన మాటని మోయాల్సింది కెప్టెనే.

నీలిచొక్కా_వైజాగ్
ఆజ్పీని అనకండి. మైదానానికి అవతల మూల ఉన్నాడు. లూయిజ్ దగ్గరగా ఉన్నాడు కాబట్టి వెళ్లాడు.

చేతితొడుగులు
లూయిజ్ వెళ్లాడు, మాట్లాడాడు, తిరిగొచ్చాడు. బయటికి వెళ్లమని ఒత్తిడి చేసినట్టు మీకు కనిపించిందా? నాకు కనిపించలేదు. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక సర్రీ కెపా వైపు వెళ్లబోతే డిఫెండర్ రూడిగర్ అడ్డుపడి ఆపాడు. అంటే అడ్డుపడటం వాళ్లకి వచ్చు. సర్రీని ఆపడానికి ఒకడు దొరికాడు, కెపాని పంపడానికి ఒక్కడు దొరకలేదు. ఆ జట్టు మనసు ఎక్కడుందో దీంట్లోనే తెలుస్తోంది.

కడప_కిక్కర్
ఇదీ మాటంటే.

స్పర్స్_శాపగ్రస్తుడు
తర్వాత కథలో బలయ్యింది మేము. కెపాకి వారం జీతం జరిమానా వేశారు, ఆ డబ్బు చెల్సీ ఫౌండేషన్‌కి పోయింది. క్షమాపణ చెబుతూ ప్రకటన ఇచ్చాడు, అందులో కబాయెరో పేరు కూడా ఉంది. మూడు రోజుల తర్వాత మాతో, అంటే టోటెన్‌హామ్ స్పర్స్‌తో మ్యాచ్. సర్రీ కెపాని బెంచీ మీద కూర్చోబెట్టి కబాయెరోని దించాడు. 2-0తో ఓడాం, అందులో ఒకటి మా ట్రిపియర్ మా గోల్‌లోనే వేసిన గోల్. వాళ్లింట్లో గొడవకి మేం కట్నం చదివించాం.

ఆ తర్వాతి ఆదివారం ఫుల్‌హామ్ మీద కెపా మళ్లీ గోల్‌లో ప్రత్యక్షం. ఒక్క మ్యాచ్ శిక్ష!

నీలిచొక్కా_వైజాగ్
ఆ ఒక్క మ్యాచ్ చాలు. కబాయెరోతో సీజనంతా లాగలేం కదా.

ఓరుగల్లు_వింగర్
మే 9న ఫ్రాంక్‌ఫర్ట్ మీద యూరోపా లీగ్ సెమీస్ షూటౌట్ల రెండు పెనాల్టీలు ఆపిందెవలు? కెపానే. ఫైనల్‌కు తీస్కపోయింది గాయినే. బాకూల ఆర్సెనల్‌ను 4-1తోని కొట్టిండ్రు, సర్రీ చేతిల కప్పు వడ్డది. గా రోజు సర్రీ కెపాను ఎడమొహం పెట్టి తోలేసి ఉంటే గా కప్పు వస్తుండెనా?

చీరాల_సిటీ
పాయింటే. అయినా సర్రీ ఆ వేసవిలోనే యువెంటస్‌కి వెళ్లిపోయాడు. ఎవరు మిగిలారో చూడండి.

రైటు_రాయలు
క్రికెట్ మనిషిని, మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. మన తిలక్ వర్మ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2025 ఏప్రిల్ 4, లక్నోలో ముంబై ఛేజింగ్. 23 బంతుల్లో 25 దగ్గర ఉన్నాడు, బంతి సరిగ్గా తగలట్లేదు. 19వ ఓవర్లో రిటైర్డ్ అవుట్ అని పిలిచేశారు. కోచ్ జయవర్ధనే తానే నిర్ణయం తీసుకున్నానని తర్వాత చెప్పాడు. శాంట్నర్‌ని పంపారు, 12 పరుగులతో ఓడారు. కుర్రాడు మాత్రం మారు మాట లేకుండా వచ్చేశాడు. భారత్‌కి వరసగా రెండు టీ20 సెంచరీలు కొట్టినవాడు, ఎంత మండి ఉంటుంది? మన హైదరాబాద్ పిల్లోడు కెపా కంటే వెయ్యి రెట్లు నయం.

ఓరుగల్లు_వింగర్
తిలక్ మావోడే, నాగ్గూడ పానమే. గని గక్కడ కోచ్ లెక్క తప్పయింది కద? వచ్చినోడు కొట్టలే. వినుడు మంచిదే, విన్నంత మాత్రాన కోచ్ చెప్పింది ఒప్పయితదా?

రైటు_రాయలు
ఒప్పయిందా తప్పయిందా అన్నది కాదు తమ్ముడూ. తప్పయితే కోచ్ ఖాతాలో పడింది. ఆ రోజంతా తిట్లు తిన్నది జయవర్ధనే, హార్దిక్. తిలక్ మీద ఒక్క మాట పడలేదు. కెపా ఆ సౌకర్యాన్ని చేతులారా పోగొట్టుకున్నాడు. కబాయెరో వచ్చి ఓడిపోయి ఉంటే తిట్లన్నీ సర్రీకే పోయేవి.

చేతితొడుగులు
ఇది నేను ఎప్పుడూ ఆలోచించని కోణం. భలే.

సికింద్రాబాద్_సాబ్
పిల్లలందరూ మాట్లాడారు, ఇప్పుడు ముసలివాడిని వినండి. మేనేజర్ మ్యాచ్ మధ్యలో మనిషిని మార్చడం అనేదే పెద్ద పాత ముచ్చట కాదు. ప్రపంచ కప్‌లో 1970 మెక్సికో దాకా మార్పులే లేవు. విజిల్ పడ్డదంటే కోచ్ కూడా ప్రేక్షకుడే.

మన రహీం సాబ్ రోజుల సంగతి చెబుతా. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకి కోచ్. ఆయన చేతి కింద వరసగా అయిదేళ్లు, 1950 నుంచి 1954 దాకా, రోవర్స్ కప్పు మన పోలీసులదే. 1962 జకార్తా ఆసియా క్రీడలు. డిఫెండర్ జర్నైల్ సింగ్‌కి తల పగిలింది, కుట్లు పడ్డాయి. ఇంకొకడైతే ఇంటికి పంపేవాడు. రహీం సాబ్ ఆయన్ని తీసుకెళ్లి ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. వెనక కాపలా కాసే మనిషిని, కుట్లున్న తలతో, గోలు కొట్టమని! జర్నైల్ కాదన్లేదు. సెమీస్‌లో కొట్టాడు, ఫైనల్లో దక్షిణ కొరియా మీదా కొట్టాడు, 2-1తో స్వర్ణం. గోల్‌లో మన తంగరాజ్, ఆయనా హైదరాబాద్‌లో పుట్టినవాడే. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. మరుసటేడు జూన్‌లో పోయాడు.

మా నాన్న పోలీస్ గ్రౌండ్‌లో ఆయన ప్రాక్టీసు చూసేవాడు. గొంతు లేపి మాట్లాడగా ఎన్నడూ వినలేదనేవాడు. ఆ మనిషి బోర్డులు ఎత్తి అరవాల్సిన పని పడలేదు.

ఓరుగల్లు_వింగర్
సాబ్, సలాం. గని గప్పటి ఆటగాళ్లకు ఉద్యోగం పోలీస్ డిపార్టుమెంట్ల ఉండె. కోచ్ మాట కాదంటే డ్యూటీ మీద పడ్తుండె. కెపాకు గా భయం లేదు.

సికింద్రాబాద్_సాబ్
జర్నైల్ పంజాబీ, కలకత్తా మోహన్ బగాన్ ఆటగాడు బేటా. ఆయనకి మన పోలీస్ డ్యూటీ ఏంటి?

ఓరుగల్లు_వింగర్
గట్లైతే సైలెంట్ అయిత.

సికింద్రాబాద్_సాబ్
ఇంకొక్కటి విని సైలెంట్ అవ్వు. మార్పులొచ్చిన రెండో ప్రపంచ కప్‌లోనే తిరుగుబాటు కూడా వచ్చింది. 1974, మ్యూనిక్, ఇటలీ ఆడుతున్నది హైతీతో. కినాలియాని తీసేశారు. బయటికొస్తూ కోచ్ వాల్కరేజ్జీ వైపు చెయ్యి విసిరి ఏదో అన్నాడు, దేశమంతా టీవీలో చూసింది. అయినా బయటికైతే వచ్చాడు!

పసుపుకార్డు
ఇక్కడ రెండు రకాలు కలిసిపోతున్నాయి. లోపలికి వెళ్లనన్నవాళ్లు వేరు, బయటికి రానన్నవాళ్లు వేరు. 2018 ప్రపంచ కప్‌లో క్రొయేషియా ఆటగాడు కాలినిచ్ నైజీరియా మ్యాచ్ చివర్లో నడుము నొప్పి అని లోపలికి వెళ్లలేదు. కోచ్ దాలిచ్ ఇంటికి పంపేశాడు. మిగిలిన 22 మందితో ఫైనల్ దాకా వెళ్లారు. తర్వాత వెండి పతకం ఇస్తామంటే కాలినిచ్ వద్దన్నాడు. 2022లో మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు రొనాల్డో టోటెన్‌హామ్ మీద దిగనన్నాడు, టన్నెల్‌లోకి వెళ్లిపోయాడు, తర్వాతి మ్యాచ్‌కి కోచ్ టెన్ హాగ్ పక్కన పెట్టాడు. లోపలికి వెళ్లనంటే కోచ్ ఇంకొకణ్ణి పంపుకుంటాడు, ఆట ఆగదు. బయటికి రానంటే చేయడానికేమీ లేదు. అందుకే రెండోది అంత కొట్టొచ్చినట్టు కనబడింది.

చీరాల_సిటీ
మా తెవెజ్‌ని మర్చిపోయారు. 2011 సెప్టెంబరులో మ్యూనిక్‌లో బెంచీ మీద నుంచి లేవలేదు. ఇక నా జట్టులో ఆడడు అని అప్పటి మా కోచ్ మాన్చినీ ఆ రాత్రే చెప్పేశాడు. తెవెజ్ అర్జెంటీనా వెళ్లి గోల్ఫ్ ఆడుకున్నాడు. మార్చిలో తిరిగొచ్చి చెల్సీ మీదే సబ్‌గా దిగి నస్రీకి గెలుపు గోల్ అందించాడు, ఏప్రిల్‌లో నార్విచ్ మీద హ్యాట్రిక్, మేలో లీగ్ టైటిల్ మాది.

స్పర్స్_శాపగ్రస్తుడు
అంటే "ఇక ఆడడు" అంటే "మార్చి దాకా ఆడడు" అని అర్థం.

కడప_కిక్కర్
గోల్ కొట్టేవోడికి క్షమాపణ తొందరగా దొరుకుతాది. రేపు గెలవాల కదా.

చేతితొడుగులు
కీపర్లని మార్చడంలో అసలు పాఠం 2014 బ్రెజిల్‌ది. నెదర్లాండ్స్, కోస్టారికా క్వార్టర్ ఫైనల్. డచ్ కోచ్ వాన్ గాల్ ఎక్స్‌ట్రా టైమ్ ఆఖర్లో సిలెసెన్‌ని తీసి టిమ్ క్రూల్‌ని దించాడు. క్రూల్‌కి ముందే తెలుసు. సిలెసెన్‌కి చెప్పలేదు, మనసు చెదురుతుందని. సిలెసెన్ మొహం మాడ్చుకున్నాడు, బయటికొచ్చి సీసాని తన్నాడు, కానీ వచ్చాడు. క్రూల్ రెండు ఆపాడు, గెలిచారు. సెమీస్‌లో అర్జెంటీనాతో మార్పులన్నీ అయిపోయి ఉండటంతో సిలెసెనే నిలబడ్డాడు, ఒక్కటీ ఆపలేకపోయాడు. నీ మీద నమ్మకం లేదని ప్రపంచమంతా చూస్తుండగా చెప్పి, నాలుగు రోజులకి నువ్వే ఆపాలంటే ఎలా? కెపా భయం కూడా ఇదే అయ్యుండొచ్చు. రికార్డు ధరకి కొన్న కీపర్‌ని పెనాల్టీలకి పనికిరావని తీసేస్తే ఆ ముద్ర పోదు.

నీలిచొక్కా_వైజాగ్
పోయిందిగా మరి! 2021 ఆగస్టు, బెల్‌ఫాస్ట్, సూపర్ కప్. అప్పటి మా కోచ్ టూషెల్ ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో మెండీని తీసి ఎవణ్ణి దించాడు? కెపాని! షూటౌట్ స్పెషలిస్టట. విల్యారియల్‌వి రెండు ఆపాడు, 6-5తో గెలిచాం. మెండీ చప్పట్లు కొడుతూ బయటికొచ్చాడు.

బెంచీమీద_బాబ్జీ
ఆయ్, మరి తర్వాతిది కూడా చెప్పండి. 2022 ఫిబ్రవరి 27.

నీలిచొక్కా_వైజాగ్
చెప్పను.

చీరాల_సిటీ
నేను చెబుతా. అదే వెంబ్లీ, అదే లీగ్ కప్ ఫైనల్, అదే 0-0. ఈసారి అవతల లివర్‌పూల్. టూషెల్ మళ్లీ మెండీని తీసి కెపాని దించాడు. లివర్‌పూల్ పదకొండు మంది కొట్టారు, పదకొండూ లోపలికే. ఒక్కటి ఆపలేదు. చెల్సీవాళ్లు పది కొట్టారు. పదకొండోది కెపా కొట్టాలి. క్రాస్‌బార్ మీద నుంచి గాల్లోకి. 11-10. ఆ రోజు మాత్రం రానని అనుంటే బాగుండేదని చెల్సీవాళ్లంతా అనుకుని ఉంటారు.

నీలిచొక్కా_వైజాగ్
వద్దన్నా వినరు కదా.

మోడరేటర్
ఎవరి క్లబ్బు కప్పులు ఎన్ని అన్న పోస్టులు కొన్ని తీసేశాను. ఈ చర్చకి సంబంధం లేనివి వేరేచోట వేసుకోండి.

పీఈటీ_సారు
నాకొక సలహా కావాలి. ఈ ఆదివారం మండల స్థాయి ఫైనల్ ఉంది, హైస్కూలు పిల్లలు. ఇద్దరు కీపర్లు. ఒకడు ఎత్తు, మ్యాచ్‌లో బాగుంటాడు. రెండోవాడు పొట్టి, పెనాల్టీలు మాత్రం పిల్లిలా పట్టేస్తాడు. షూటౌట్‌కి వెళ్తే మార్చాలని ఉంది. పెద్దోడు ఈ కెపా వీడియో చూసొచ్చి "నన్ను మారిస్తే నేను రాను సార్" అని ముందే చెప్పేశాడు, నవ్వుతూనే. నవ్వుతున్నాడు కాబట్టే నాకు భయం.

చేతితొడుగులు
సార్, ఇప్పుడే ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పండి. డ్రా అయితే పెనాల్టీలకి వీడు, మిగతా అంతా నువ్వు అని. ఆ క్షణంలో చెబితే అవమానంలా ఉంటుంది, ముందే చెబితే అది ప్లాన్. పెద్దోడు వారమంతా చిన్నోడికి పెనాల్టీలు కొట్టాలి. వాడి చేతే తయారు చేయించండి.

సికింద్రాబాద్_సాబ్
కెప్టెన్‌ని కూడా కూర్చోబెట్టండి. మీరు లైను దాటలేరు.

పసుపుకార్డు
టైమ్ చూసుకోండి సార్. మార్పు ఆఖరి విజిల్ లోపే జరగాలి. విజిల్ పడ్డాక దెబ్బ తగిలిన కీపర్‌ని తప్ప మార్చడానికి రిఫరీ ఒప్పుకోడు. పిల్లల టోర్నీల్లో ఎన్ని మార్పులో నిర్వాహకులు వేరేగా పెడుతుంటారు, అది ముందే కనుక్కుని ఒకటి దాచుకోండి. సర్రీకి మిగిలినట్టు మీకూ ఒకటి మిగలాలి.

ఓరుగల్లు_వింగర్
నన్నడిగితే పెద్దోణ్ణే ఉంచుండ్రి సార్. అంత గట్టిగ ఉంటనన్నోడు ఉండాలె.

పీఈటీ_సారు
నాకు నిద్ర పట్టనివ్వరా మీరు?

బెంచీమీద_బాబ్జీ
సారూ, మరో ముక్క. ఆ ఇద్దరిలో బంతిని తన్నడం ఎవడికి వచ్చో కూడా ఓసారి చూసుకోండి. పదకొండోవాడి దాకా వెళ్తే ఆ పిల్లోడే కొట్టాలండోయ్.